నీలం దారం రీలు

పొద్దున్నే కోడలు పాపకి పాలు పట్టిస్తుంటే తలుపు చప్పుడైంది. కవరు తెచ్చినతను సంతకం పెట్టమన్నాడు. ఆమె కవరు వంకే చూస్తూ సంతకం పెట్టింది. పదిరోజుల కిందట షాపులో పెట్టిన సంతకం ఇంకా మనసులో మెదులుతూనే ఉంది.

భర్త కవరు చించి చదివాడు. మొహం మాడిపోయింది.

"కోర్టుకి రమ్మని సమన్లు! షాపులో దొంగతనం చేశావా నువ్వు?"

"లేదండీ..."

"చేశానని రాసిన కాగితం కింద నీ సంతకమేగా ఉంది!"

"పెడితే ఇంటికి పంపిస్తామన్నారు. పాపేమో గుక్కపెట్టి ఏడుస్తోంది. కాగితం నిండా ఇంతింత రాత. ఎనిమిదితో ఆగిపోయినదాన్ని, నాకేం అర్థమవుతుంది?"

"కేసు నిలబడితే జరిమానాతో పోదు. సోమవారం నుంచి పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో పనికి చేరతానన్నావు. మచ్చ లేదని పోలీసులిచ్చే కాగితం ఎక్కణ్ణుంచి తెస్తావు?"

కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ముందు ఆ అరుపులాపు. ఏం తీసుకుందని రాశార్రా?" అత్తగారు అడిగింది.

"నీలం దారం రీలు. పాప దుప్పట్లో దొరికిందట."

అత్తగారు మిషను దగ్గర్నుంచి లేచింది. నలభై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్న మనిషి. చేతులు ఖాళీగా ఉండాలని, చేతిలో ఏది ఉంటే అది పక్కనున్న బట్ట మడతలో దోపేయడం ఆవిడకి అలవాటు.

"ఒరేయ్, దోపింది నేనేరా! ఆరోజు షాపులో సంచిలోంచి కళ్లజోడు తీద్దామని రీలు దుప్పట్లో పెట్టాను. మళ్లీ తియ్యడం మర్చిపోయాను." కోడలి వైపు తిరిగింది. "నీకు అప్పుడే తెలుసా?"

"మీ అలవాటు నాకు తెలీదా అత్తయ్యా? అప్పటికే మీరు బస్టాపుకి వెళ్లిపోయారు. మీ పేరు చెబితే, ఆ మోకాళ్లతో మిమ్మల్ని వెనక్కి నడిపించి నన్ను కూర్చోబెట్టిన గదిలోనే నిలబెడతారని..."

"పిచ్చిమొద్దూ! నా మోకాళ్ల కోసం నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా?" ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఏం జరిగిందని కూడా అడగలేదు నేను," భర్త నెమ్మదిగా పాపని అందుకోబోయాడు. పాప తల్లిని వదల్లేదు.

"తర్వాత బతిమాలుకుందువుగాని. ఆ సమన్లు ఇటు తే. పైవాటా లాయరమ్మ వెళ్లిపోకముందే పట్టుకోవాలి," అంది అత్తగారు.

అత్తాకోడళ్లకి లాయరమ్మ మెట్ల మీదే ఎదురైంది. అంతా వింది. "దొంగిలించే ఉద్దేశం లేనప్పుడు అది దొంగతనం కాదమ్మా. కెమెరా రికార్డు చెరిపేయొద్దని షాపుకి ఇవాళే నోటీసు పంపిద్దాం. మీరు మాత్రం జడ్జిగారి ముందు ఇదే చెప్పాలి."

"చెప్పనూ? నా కోడలి కోసం ఎక్కడైనా చెప్తాను."

"సరే, సమన్లేవీ?"

అత్తగారు సంచి తడిమింది. కొంగు దులిపింది. కోడలు ఎత్తుకున్న పాప దుప్పటి మడత విప్పింది. కాగితం అందులో ఉంది.

"చూశారా లాయరమ్మా," అంది అత్తగారు, "ఇంతకంటే సాక్ష్యం కావాలా?"

ఈ పదిరోజుల్లో మొదటిసారి కోడలు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే అత్తగారి భుజం మీద వాలి ఏడ్చేసింది.