లాక్ లిమిట్

సర్వర్ సెంటర్ అడ్మినిస్ట్రేటర్ నిన్న లిఫ్టులో శవమై కనిపించాడు. గుండెపోటన్నారు. ఏజెంట్ డేగకు నమ్మకం కుదరలేదు.

"మన రైల్వే సిగ్నళ్లన్నీ నడిపే వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలోని కంప్యూటర్, ఆ సెంటర్లోనే ఉంది" అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా కన్ను దాని మీదే."

"ఎలా ఎత్తుకుపోతారు సార్?"

"నడుస్తుండగానే దాని మెమరీని నెట్‌వర్క్ మీద తమ సర్వర్‌కి మార్చేస్తారు. అది పూర్తయితే రైళ్లు వాళ్ల చేతిలో. సెక్యూరిటీ ఆఫీసర్‌గా అక్కడ మన ఏజెంట్ ఉంది. 'చలిగా ఉందా' అంటుంది. 'అలవాటైంది' అను."

మధ్యాహ్నం డేగ ఏసీ మెకానిక్ వేషంలో లోపలికి నడిచాడు. చేతిలోని టెస్టర్ నిజానికి సర్వర్‌కి ఆదేశాలిచ్చే కన్సోల్. అందులో చనిపోయినవాడి లాగిన్ ఉంది.

సెక్యూరిటీ ఆఫీసర్ ఎదురొచ్చింది. ఎర్రకోటు, ఖరీదైన సెంటు, తీరైన నవ్వు. "చలిగా ఉందా?"

"అలవాటైంది."

"ఇక్కడంతా సవ్యంగానే ఉంది. పాపం, ఆయన గుండే బలహీనం. మీరు బయల్దేరొచ్చు."

పంపేయడానికి ఇంత తొందరెందుకు? డేగ ర్యాక్ వెనక్కి వెళ్లి టెస్టర్ తగిలించాడు. మెమరీ అప్పటికే బయటికి పోతోంది, జీరో కాపీ పద్ధతిలో. కాపీ తీయకుండా నేరుగా పంపడం కాబట్టి మెరుపు వేగం. కానీ పంపే ప్రతి పేజీ, అంటే మెమరీలో ఒక్కో ముక్క, కదలకుండా లాక్ కావాలి. ఎంత లాక్ చేయొచ్చో సిస్టమ్ ఒక లిమిట్ పెడుతుంది. ఆ లిమిట్ ఇప్పుడు అన్‌లిమిటెడ్.

డేగ ఒక కమాండ్ టైప్ చేసి, నొక్కకుండా ఉంచాడు. ఆమె వెనకే వచ్చి నిలబడింది. "లిమిట్ ఎవరు పెంచారు?"

"పోయినాయనే."

"ఆయన పోయింది నిన్న. పెంచింది ఇవాళ పొద్దున."

ఆమె నవ్వు మాయమైంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. "కేబుల్ మీద చెయ్యి వెయ్యకు. పీకితే సిగ్నళ్లన్నీ ఆరిపోతాయి. రైళ్ల నిండా జనం."

"తెలుసు."

స్క్రీన్ మీద పచ్చగీత చివరి అంచుకు చేరుతోంది. డేగ బొటనవేలు టెస్టర్ మీద ఒక్కసారి కదిలింది. లిమిట్ పాతాళానికి పడిపోయింది. ఆ తర్వాతి పేజీ లాక్ కాలేదు. పచ్చగీత ఎర్రబడింది: బదిలీ విఫలం. మెషీన్ మాత్రం ఉన్నచోటే, రెప్ప వేయకుండా నడుస్తోంది.

ఆమె చూపు స్క్రీన్ వైపు తిరిగింది. అతనికి అదే చాలు. మణికట్టు మీద దెబ్బకు పిస్టల్ జారి ర్యాక్ కిందకు దొర్లింది.

"ఏం చేశావ్?"

"కేబుల్ ముట్టుకోలేదు. నువ్వు వద్దన్నావుగా."

సంకెళ్లు వేస్తుంటే ఫోన్ మోగింది. చీఫ్ గొంతులో ఆందోళన. "రైళ్లేమైనా ఆగాయా?"

"లేదు సార్. ఎప్పట్లాగే ఆలస్యంగా నడుస్తున్నాయి."