ఐదడుగుల ఒక అంగుళం

ఆదివారం పొద్దున పుష్పావతి పెనం మీద మొదటి పెసరట్టు పోస్తుండగా గేటు చప్పుడైంది.

"రమ్య వచ్చినట్టుంది. ఇంకో రెండు ఉల్లిగడ్డలు కొయ్యి నిహారికా," అంది కోడలితో.

సూర్యాపేటలో ఆ ఇంటికి ఫోన్ చేయకుండా వచ్చే మనిషి రమ్య ఒక్కతే. తుంగతుర్తి దగ్గర తండా పిల్ల. యూనివర్సిటీలో ఆనందం దగ్గర కళాచరిత్ర చదువుకుంది, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తోంది. ఆయన రిటైరై ఆరేళ్ళయినా ఆ పిల్ల రాకపోకలు ఆగలేదు. వస్తే చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చి, "అమ్మా, ఏం చేస్తున్నవ్?" అని గిన్నె మూత తీసి చూసేది. ఆ రోజు మాత్రం వంటింటి వైపు తిరగలేదు. హాల్లో కుర్చీ అంచున కూర్చుని, లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది.

ఆనందం గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. బియ్యం మిల్లుల వాళ్ళింట్లో పుట్టాడు. అన్నదమ్ములంతా ధాన్యం రేట్లు చూసుకుంటుంటే, ఈయన గుళ్ళూ శిల్పాలూ అంటూ తిరిగి ప్రొఫెసర్ అయ్యాడు. ఇంట్లో వాళ్ళు తలలు పట్టుకున్నారు. కానీ ఈ చుట్టుపక్కల కాకతీయుల గుళ్ళ మీద ఆయన రాసిన పుస్తకం ఒక్కటి చాలు. ఆ దారిలో చదివే ఏ పిల్లయినా దాన్ని తిరగేయకుండా ముందుకు పోలేదు. ఈ నెలాఖరుకు అది రెండోసారి అచ్చవుతోంది. ఆ సంబరంలో ఆయన పది రోజులుగా ఉప్పు తక్కువైనా మాట్లాడకుండా తింటున్నాడు.

"చెప్పు రమ్యా, ఏంది మొఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు ఆనందం.

"సార్, పిల్లలమర్రిల లేజర్ మీటర్‌తోని కొలతలు తీసిన. మీ పుస్తకంల ఉన్నవాటితోని కలుస్తలేవు."

"ఎంత తేడా?"

"మీవి ఎక్కువొస్తున్నయ్ సార్. ఐదడుగుల బొమ్మకు రెండంగుళాలు. పదడుగుల స్తంభానికి నాలుగు. నాగులపాడుల గూడ అంతే, వాడపల్లిల గూడ అంతే. ఒక్క దగ్గరైతే పొరపాటనుకుందును. అంతట ఒకటే లెక్కల ఉంది."

వంటింట్లో పుష్పావతి చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. అట్టు మాడు వాసన వచ్చేదాకా ఆమెకు సోయి లేదు.

"నీ మిషిన్ ఖరాబై ఉంటది," ఆనందం గొంతు పెరిగింది.

"మూడు మిషిన్లతోని చూసిన సార్. టేపుతోని గూడ చూసిన."

"అంటే ముప్పయ్యేండ్ల నా పని తప్పంటవ్! ఎండల పడి గుడి గుడి తిరిగి రాసిన పుస్తకమది. నిన్నగాక మొన్న వచ్చి మిషిన్ పట్టుకొని నాకు చెప్తున్నవా? నీ థీసిస్ మీద అభిప్రాయం రాసి పంపమని మీ గైడ్ నన్నే అడిగిండు. ఇయ్యాల్నే రాస్త, ఈ కొలతల మీద నాకు నమ్మకం లేదని!"

రమ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పుస్తకం మళ్ళ అచ్చుగాకముందే చెప్దామని వచ్చిన సార్. రేపు వేరేటోళ్ళు చెప్తే మీకు నామోషి అయితదని." అంతే, కొలతల కాగితం బల్ల మీదే వదిలి లేచి వెళ్ళిపోయింది. అట్టు ముక్కయినా నోట్లో పెట్టుకోలేదు.

"పాపం, అత్తమ్మా! మామయ్య ఇంత కోపం చేసుడు నేనెప్పుడూ చూడలే," అంది నిహారిక.

తప్పెక్కడుందో పుష్పావతికి తెలుసు. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఈ లోకంలో, ఆమె ఒక్కదానికే తెలుసు.

పెళ్ళయిన నెలకు ఆనందం ఆమెను వాడపల్లికి తీసుకుపోయాడు. కొత్త పెళ్ళాన్ని గుడికి తీసుకుపోతున్నాడని అత్తగారు మురిసిపోయింది. ఆయన పోయింది ఫొటోలు తీయడానికి. బొమ్మల పక్కన నిలబెట్టడానికి ఎరుపు తెలుపు రంగులేసిన కొలకర్ర ఒకటి వెంట తెచ్చుకున్నాడు. మిర్యాలగూడలో బస్సు మారేటప్పుడు అది కాస్తా సీటు కిందే ఉండిపోయింది. బస్సు వెనకాల పరుగెత్తి, ఆయాసపడుతూ తిరిగొచ్చి, పెళ్ళాన్ని ఎగాదిగా చూశాడు.

"నీ ఎత్తెంత పుష్పా?"

"ఐదడుగుల ఒక అంగుళం," అంది.

అది వాళ్ళ నాయన పెళ్ళిచూపుల్లో చెప్పిన లెక్క. ఐదడుగులకు తగ్గిన పిల్ల మాకొద్దని మగపెళ్ళివారు ముందే కబురు పెట్టారు. పెళ్ళిచూపుల్లో ఎలాగూ కూర్చునే ఉంటుంది, పెళ్ళినాటికి ఎత్తు మడమల చెప్పులు కొన్నారు, కొప్పు కాస్త పైకి చుట్టారు. అంతటితో గండం గడిచింది. నెల తిరక్కుండానే మొగుడి ముందు మా నాయన అబద్ధమాడిండని చెప్పగలిగిన ఇరవయ్యేళ్ళ పిల్ల ఎక్కడైనా ఉంటే చూడాలి.

"అయితే నువ్వే నిలబడు. కర్రకన్నా మనిషే నయం," అన్నాడాయన. ఆ రోజు మొదలైంది. ఆమె ఎత్తును పట్టి పక్కనున్న బొమ్మ ఎత్తు, స్తంభం ఎత్తు ఫొటోలోంచి లెక్కగట్టడమే ఆయన పద్ధతి అయింది. ఎండాకాలం సెలవులొస్తే చాలు, చెప్పులు బయట విడిచి కాలే బండల మీద ఆమె నిలబడాలి. "కదలకు, తల నిటారుగ పెట్టు" అనడం తప్ప ఆయన వేరే మాట ఎరుగడు. కొడుకు యశ్వంత్ కడుపులో ఉన్నప్పుడూ నిలబడింది. వాణ్ణి స్తంభం నీడలో పడుకోబెట్టీ నిలబడింది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఆమె సంబరం ఇంతా అంతా కాదు. ఒక కాపీ సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ పుట్టింటికి పోయి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టి పేజీలు తిప్పింది. ఒక్క ఫొటోలోనూ తాను లేదు. అన్నిట్లోనూ బొమ్మ వరకే కత్తిరించారు. ఒకచోట మాత్రం అంచున గాజుల చెయ్యి సగం మిగిలింది. "ఏది వదినా, నువ్వేది?" అని తమ్ముడి భార్య నవ్వింది. ముందుమాటలో మాత్రం ఒక వాక్యం ఉంది, కొలత కోసం ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషిని నిలబెట్టామని. మనిషి అంట! ఆ రోజు పుట్టింట్లో చిన్నబోయిన సంగతి పుష్పావతి ఇంతవరకు మొగుడికి చెప్పలేదు.

ఇప్పుడిక చెప్పక తప్పదు. చెబితే ఆయన పేరు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల నాలుగేళ్ళ చదువు మట్టిపాలవుతుంది. పొయ్యి కట్టేసి, బీరువాలోంచి పాత కాగితం ఒకటి వెతికి తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళింది. ఆయన అప్పటికే ఉత్తరం సగం రాశాడు.

"అది రాయకుండ్రి."

"నీకెందుకు ఇవన్నీ?"

"తప్పు ఆ పిల్లది గాదు, నాది. నేను ఐదడుగుల ఒక అంగుళం లేను."

ఆయన ముందు నవ్వాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆగింది. "మరెంతున్నవ్?"

"నాలుగడుగుల పదకొండంగుళాలు. యశ్వంత్ పుట్టేటప్పుడు దవాఖానల కొలిసి రాసిన్రు. ఇగో చీటీ. సరిగ్గ ఎంతనో అప్పుడే తెలిసింది నాకు."

ఆనందం చీటీ తీసుకున్నాడు. పెన్ను పట్టి, పుస్తకంలో ఉన్న ఒక కొలతను ఆ చీటీలోని ఎత్తుతో మళ్ళీ లెక్కగట్టాడు. రమ్య వదిలిపోయిన కాగితంలో ఉన్న అంకెతో చూసుకున్నాడు. కలిసింది. ఇంకొకటి చేశాడు. అదీ కలిసింది. ఐదోది అయ్యాక పెన్ను కింద పెట్టాడు.

"ముప్పయ్యేండ్లు పుష్పా! ఒక్క మాట చెప్పకపోతివి. నా పని మొత్తం ఖతం చేసినవ్ గద!"

"చెప్తే మా నాయిన అబద్ధం బయటపడ్తదని భయపడ్డ. అప్పటికే రెండు నోటుబుక్కులు నింపిన్రు మీరు. రెండంగుళాలకు ఏమైతదిలే అనుకున్న. తప్పే, నాదే తప్పు. కాళ్ళు మొక్కమంటె మొక్కుత." ఆమె అక్కడితో ఆగలేదు. "కాని నేనొక మాట అడుగుత. ముప్పయ్యేండ్లు దేవుండ్లందర్ని నాతోని కొలిసిన్రు. నన్ను ఒక్కపారన్న కొలిసిన్రా?"

ఆనందం చీటీ వైపు మళ్ళీ చూశాడు.

"పక్కపొంటి ఇన్నేండ్లు ఉన్న. భుజం దాకా వస్తున్ననా, చెవు దాకా వస్తున్ననా, ఒక్కనాడన్న చూసిన్రా? ఏ గుడిల ఏ బొమ్మకు వేలు విరిగిందో చెప్తరు. పుస్తకం పట్టుకొని మిర్యాలగూడకు పోయిన నేను, మా వాళ్ళకు చూపిద్దామని. ఎక్కడున్న అందుల? గాజులున్నయ్, నేను లేను." ఏడుపు ముంచుకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటకు వచ్చేసింది.

తలుపు దగ్గర నిహారిక నిలబడి ఉంది. అత్తను పట్టుకుని కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

కాసేపటికి ఆయన గదిలో ఇనప్పెట్టె మూత తీసిన చప్పుడైంది. కత్తిరించని ఫొటోలు అందులో ఉంటాయి. ఆయన వాటిని నేల మీద పరుచుకుని ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు. ఎర్ర చీర, ఆకుపచ్చ చీర, ఏడో నెల కడుపు, నుదుట చెమట. ప్రతి ఫొటోలో ఆమె తల మీద పెన్సిల్‌తో గీసిన అడ్డగీత ఉంది, లెక్క కోసం తాను గీసిందే.

పది కొడుతుంటే ఆయన ఫోన్ మాట్లాడటం వినిపించింది. "రమ్యా, ఎక్కడి దాకా పోయినవ్? ... బస్టాండ్లనే ఉన్నవా? నా మొఖం చూడబుద్ధి గాకపోయినా మీ అమ్మ కోసమన్న తిరిగి రా బిడ్డా. నీ కొలతలే కరెక్టు. నాదే తప్పు." ఆ వెంటనే అచ్చు ఆపమని ప్రెస్సు వాళ్ళకు చెప్పాడు. పేరు పోతుందేమో సార్ అని అటునుంచి అన్నారు కాబోలు. "పోతే పోనియ్యి. అబద్ధం రెండుసార్లు అచ్చెయ్యలేను," అన్నాడు.

రమ్య వచ్చి అట్లు తింది. ఆనందం సగం రాసిన ఉత్తరం చించి, ఆమె ముందే కొత్తది రాశాడు. ఆ పూట పుష్పావతితో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె కూడా అన్నం వడ్డించి ఊరుకుంది.

మరుసటి ఆదివారం తెల్లారేసరికి కెమెరా మెడలో వేసుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "పిల్లలమర్రికి పోదాం. ఆ ఆకుపచ్చ చీర కట్టుకో."

గుళ్ళో రమ్య లేజర్ మీటర్ పట్టుకుని ముందే ఉంది. ముందు స్తంభాన్ని కొలిచింది, తర్వాత నవ్వుతూ అమ్మను కొలిచింది. ఆనందం రెండూ నోటుబుక్కులో రాసుకుని, కింద ఇంకో వాక్యం రాసి పెళ్ళానికి చూపించాడు. 'ఈ పుస్తకంలోని గుళ్ళన్నిటికీ కొలత నా భార్య పుష్పావతి. ఆమె ఎత్తు తెలుసుకోకుండానే రాసిన మొదటి ముద్రణలో తప్పులన్నీ నావి.' కత్తిరించకుండా వేసే ఫొటో ఒకటి కావాలన్నాడు.

పుష్పావతి అలవాటుగా స్తంభం పక్కన నిలబడి, తల నిటారుగా పెట్టింది. ఆయన కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ క్లిక్ వినిపించలేదు.

"ఏమైంది? రీల్ అయిపోయిందా?" అంది, ఇప్పటి కెమెరాల్లో రీల్ ఉండదని మరిచిపోయి.

"ఏం లేదు," అన్నాడాయన. కెమెరా కిందికి దించాడు. "ఇన్నేండ్లు నీ నెత్తి మీది గీతనే చూసిన పుష్పా. మొఖం చూడలే."

ఆమె కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే కదలొద్దని ముప్పయ్యేళ్ళ అలవాటు. అలాగే నిలబడి, "ఇగ తియ్యుండ్రి, ఎండ పైకొస్తుంది," అంది.