పదకొండో నంబరు ఇచ్చిన జవాబు

బమ్రోలిల ఆ కార్ఖానాల పొద్దుగూకినంక ఎవ్వలనన్న పేరువెట్టి పిలిచిండ్రా... అయిపోయిండ్రే! పిలిచిన మనిషి పలుకుడు తర్వాత సంగతి, మూలకెళ్లి ఇంకోటి పలుకుతది. అందుకే అక్కడ పనిచేసే మనోళ్లు చీకటివడితె పేర్లు తియ్యరు, చప్పట్లు కొడ్తరు. నేను విన్నది విన్నట్టు చెప్తున్న. భయమైతె లైటేసుకొని చదువుండ్రి.

ఇరవై ఏండ్ల కింద అక్కడ బట్ట నేసే సాంచలు, గదే మరమగ్గాలు, నడిచేటివి. అందరు మన సిరిసిల్ల దిక్కుకెళ్లి బతుకవోయిన మొగోళ్లే. కరెంటు పోతె సాంచలు ఆగుతయి గదా, అప్పుడు కిందికి దూరి చిక్కువడ్డ పోగులు తీసుకుంటరు. కరెంటు రాంగనే సాంచల మేస్త్రీ, జాబర్ లక్ష్మీరాజం మెయిన్ స్విచ్చి కాడ నిలవడి ఒక్కొక్కల పేరు పిలిచేటోడు. అందరు "ఆఁ" అన్నంకనే స్విచ్చి.

ఒక రాత్రి "మల్లేష్!" అని పిలిచిండు.

"ఆఁ" అని వినవడ్డది.

స్విచ్చేసిండు... మల్లేష్ ఇంకా పదకొండో సాంచ కిందనే ఉన్నడు. మెడల రుమాలును సాంచ పట్టుకున్నది. బయటికి గుంజినప్పుడు పండ్ల నడుమ దారం అట్లనే ఉన్నదట. పలికే మోకానే లేదు.

మరి పలికిందెవలు?

"మూలకెళ్లచ్చింది. మనిషి గొంతు కాదది" అన్నడు మల్లేష్ తోని పనిచేసే దోస్తు బుచ్చిరాములు.

ఆ ఒక్క మాటతోని ఆ జాగకు దెయ్యాల జాగని పేరువడ్డది. లక్ష్మీరాజం స్విచ్చేసిన చెయ్యిని సూసుకుంట సూసుకుంట, తాగి తాగి పోయిండు.

ఇప్పుడు సాంచలు లేవు. తుక్కుకు వోయినయి. అదే హాల్ల పదహారు కంప్యూటర్లు వెట్టి చీరెల ఆర్డర్లు తీసుకుంటున్నరు. బుచ్చిరాములు అక్కడ్నే వాచ్‌మన్. ఎనుకాముందు ఎవ్వలు లేరు. అదే పట్నంల, డిండోలిల మల్లేష్ పెండ్లాం పద్మారాణి ఇంట్లనే రెండు పూటల బువ్వ. జరమొస్తె కాపలా ఉండేది ఆమెనే. "అన్నా" అని పిలుస్తది, రాఖీ కడ్తది. అమాసకొకసారి మాత్రం ఆ కార్ఖానా గేటు బయట దీపం వెట్టి, "నా కొడుకు పేరున పలుకకు తల్లీ" అని మొక్కి పోతది.

ఆ కొడుకు శ్యాంసుందర్, కంప్యూటర్ల పనోడు. మొన్న ఒకనాడు తల్లికి చెప్పకుండ ఆ గేటు దాటిండు! పగలంత ఆడపిల్లలు ఆ కంప్యూటర్ల మీదనే కూసుంటరు గనక పని రాత్రికే పడ్డది. పదహారింటికీ కొత్త విండోస్ తీగల మీంచి ఒక్కసారే ఎక్కాలె. ఒక బటన్ ఒత్తితె అదే ఎక్కుతది.

"ఒత్తు మరి" అన్నడు బుచ్చిరాములు, జల్ది అయిపోతె బాగుండని.

"అట్ల ఒత్తుడు కాదు కాకా. పోయిన నెల ఇచ్ఛాపూర్‌ల అట్లనే ఒత్తిన. నడిమిట్ల తీగ ఊడి అయిదు మిషన్లు ఖతం. సేఠ్ ఇంకొక్కసారి అయితే ఘర్ జా, నౌకరీ లేదు అన్నడు. ముందుగాల ఒక్కోదాన్ని పిలవాలె, ఉన్నవా అని. అన్ని పలికినంకనే బటన్."

బుచ్చిరాములు దగ్గరికి జరిగిండు. "...పిలుస్తవా? ఈడ?"

"నోటితోని కాదే! దీంతోని." లాప్‌టాప్ చూపెట్టి నవ్విండు. ఒక్కోదాని పిలుపు పేరు కొడితె, అది ఉంటె జవాబు తెర మీద పడ్తది.

ఒకటి పలికింది. రెండు పలికింది. పది... పదకొండు... పదహారు. అన్ని పలికినయి.

శ్యాంసుందర్ వేలు బటన్ మీద వెట్టి, ఎందుకో తలెత్తి మూలకు చూసిండు. పదకొండో కంప్యూటర్ తెర నల్లగ ఉన్నది. లేచి పోయి చూస్తె స్విచ్చే ఎయ్యలేదు. ఎనుక తీగను ఎలుక కొరికి రెండు ముక్కలు చేసింది.

మళ్ల వచ్చి పిలిచిండు.

పలికింది.

ఇంకోసారి పిలిచిండు... పలికింది.

"కాకా" అన్నడు గుసగుసగ, "లేనిది పలుకుతున్నది."

బుచ్చిరాములు భయంతోని పిలగాని రెక్క పట్టుకున్నడు. ఇన్నేండ్లల్ల ఆ జాగల ఆయన ఒక్కనాడన్న భయవడలేదు — ఎందుకంటే ఆడ దెయ్యం లేదని తెలిసినోడు ఆయనొక్కడే. ఆ రాత్రి "ఆఁ" అన్నది తనే. మల్లేష్ బీడీకి బయటికి వోయిండనుకున్నడు. జాబర్ తిట్టకుండ దోస్తు పేరున పలికిండు. ఒకలకొకలు రోజూ చేసే పనే అది! పీనుగును చూసినంక నోటికి దెయ్యం తప్ప ఇంకేం దొరకలేదు. మరి తను పుట్టిచ్చిన దెయ్యం... ఇయ్యాల నిజంగనే పలుకుతున్నది?

"పోదాం పా బిడ్డా. నీకు దండం వెడ్త. ఒద్దు."

"రుకో, జర ఆగు. ప్రతిదానికి పుట్టినప్పుడే పడ్డ నంబరొకటి ఉంటది కాకా. పిలుపు పేరు మారుతది గని అది మారది. పలికినోనిది చూస్త."

చూసిండు. గోడల పొంటి ఒక్కో డబ్బాను తిరగేసి ఆ నంబరు వెతికిండు. హాల్ల ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. పదకొండో దాని పక్కన గోడకు హాజరుకు వేలుముద్రేసే చిన్న డబ్బా ఉన్నది... దాని తీగ పీకి మళ్ల పిలిచిండు.

జవాబు లేదు.

"దొరికిండు దొంగ!" పకపక నవ్విండు. "ఎవలో దీనికి సుత పదకొండో దాని పిలుపు పేరే ఇచ్చిండ్రు. దెయ్యం లేదు, గియ్యం లేదు!"

బుచ్చిరాములు గోడకు ఒరిగి కూసున్నడు. శ్యాంసుందర్ కొత్త తీగేసిండు, స్విచ్చేసిండు, పిలిచిండు. అసలుది పలికింది. బటన్ ఒత్తిండు. పదహారు తెరల మీద పని నడవవట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. తల్లి.

"ఏడున్నవ్ రా?"

"తిట్టకు అమ్మా. బాపు కార్ఖానల్నే ఉన్న. నీ దెయ్యాన్ని పట్టుకున్న! పిలిచిన పేరోడు లేకున్నా జవాబొచ్చిందంటె, పక్కోడు పలికినట్టు. గంతే. ఇన్నేండ్లు ఉత్తగ దీపాలు వెట్టినవ్."

అటు దిక్కు పద్మారాణి ఆ మాటను మళ్లొక్కసారి చెప్పిచ్చుకున్నది.

"...ఫోన్ అన్నకియ్యి."

బుచ్చిరాములు రెండు చేతులతోని ఫోన్ పట్టుకున్నడు.

"అన్నా" అన్నది పద్మారాణి, మెల్లగ. "నేను పక్కనే ఉన్న, నా చెవులతోని విన్న అని ఇన్నేండ్లు చెప్పినవ్. పక్క సాంచ నీదే గదా?"

ఆయన పదకొండో కంప్యూటర్ దిక్కు చూసిండు. శ్యాంసుందర్ తెరల దిక్కే చూసుకుంట ఈల వేస్తున్నడు.

"పలుకవేందే అన్నా?"

"బీడీకి వోయిండనుకున్న చెల్లే..."

ఆమె ఏడ్వలేదు. తిట్టలేదు.

"పొద్దుగాల పిలగాన్ని ఇంటికి తోలు" అన్నది. "నువ్వు రాకు."