ఆల్డెన్ కుర్రాడి రిపోర్టు

కోర్టు గోపురం కూల్చాలని రాసిన మనిషినే లిడియా ప్రేమించింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడు నెలల కిందట, ముసురు పట్టిన ఒక ఉదయం, గోపురం గోడలో పగులు పరీక్షించడానికి ఇంజనీరు థియో కొలతల టేపుతో బ్రెన్నర్ కౌంటీ కోర్టులో అడుగు పెట్టాడు. రికార్డుల గది గుమాస్తా లిడియా ఏ ఊరని అడిగింది. పక్క ఊరు ఆల్డెన్ అని చెప్పాడు. ఆమె లేచి వెళ్లి దస్తావేజుల బీరువాకు తాళం వేసింది.

"భయపడకండి. వెనక్కి పట్టుకెళ్దామంటే ఈసారి బండి తేలేదు," అన్నాడు.

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది లిడియా.

డెబ్బై ఏళ్ల కిందట కౌంటీ కోర్టు ఆల్డెన్‌లోనే ఉండేది. ఓట్లలో గెలిచామంటూ బ్రెన్నర్ వాళ్లు బళ్లు కట్టుకెళ్లి దస్తావేజులన్నీ ఎత్తుకొచ్చారు. ఇక ఎవరూ కదిలించలేరని ఈ సున్నపురాతి కట్టడం లేపారు. పని సగంలో ఉండగా, ఆల్డెన్ వాళ్లకు రోజూ కనబడి కడుపు మండాలని గోపురాన్ని ఇంకో ముప్పై అడుగులు పెంచారు. పునాది మాత్రం పెంచలేదు.

మధ్యాహ్నాలు ఇనుప మెట్ల మీద కూర్చుని ఇద్దరూ రొట్టె పంచుకు తినేవారు. ఆమె పాత నక్షాలు చూపించేది. అతను నక్షాలు తక్కువా ఆమెను ఎక్కువా చూసేవాడు.

రిపోర్టు బయటికొచ్చాక ఊరంతా ఒకటే మాట, ఆల్డెన్ బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదని. ఇరవై ఆరేళ్లుగా ప్రతి శనివారం గోపురం గడియారానికి కీ ఇస్తున్న లిడియా తండ్రి ఎమిల్ తిండి మానేశాడు.

వానలో థియోని నిలేసింది లిడియా. "మీ తాతల పగ తీర్చుకున్నావు కదా?"

"మీ నాన్న ప్రతి శనివారం పగిలిన ఆ గోడ కిందే నిలబడతాడు లిడియా. అబద్ధం రాయమంటావా?"

ఆమె వెనుదిరిగి ఇంటికి నడిచింది. అతను ఆల్డెన్ వెళ్లిపోయాడు.

మర్నాడు ఒక్కతే గోపురం ఎక్కింది. పగులు ఇంకా పెరుగుతోందేమో తెలియడానికి థియో దాని మీద అడ్డంగా వేసిన సున్నం పట్టీలు, ఒక్కోదాని మీద అతని చేతిరాతలో తేదీ. అన్నీ విరిగిపోయి ఉన్నాయి. నాలుగు రోజుల కిందట వేసిన పట్టీ విరిగిన చోట ఆమె వేలు దూరింది. అతన్ని నమ్మనందుకు అక్కడే కూర్చుని ఏడ్చింది.

సోమవారం కౌంటీ సభలో లేచి నిలబడింది. పగులు తాను కళ్లారా చూశానని, గోపురం దించాల్సిందేనని చెప్పింది. ఎమిల్ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. దించడానికే ఓటు పడింది.

ఐదు రోజులు తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. శనివారం ఎమిల్ కీ ఇవ్వడానికి వెళ్లలేదు. వంటింట్లో కూర్చుని మెల్లగా నోరు విప్పాడు.

"ఆ గోపురానికి రాళ్లెత్తింది మా నాన్న. పునాది చాలదని ఆయనకి అప్పుడే తెలుసు. చెప్తే ఆల్డెన్ వాళ్లు నవ్వుతారని ఊరుకున్నాడు. నాకూ చెప్పాడు. నేనూ ఊరుకున్నాను."

లిడియా అతని ఎదురుగా కూర్చుంది. "తెలిసే ఎక్కేవాడివా నాన్నా, ఇన్నేళ్లూ?"

"ఇంకెవర్నీ ఎక్కనివ్వలేకే నేనెక్కాను." ఎమిల్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆ అబ్బాయిని రేపు భోజనానికి పిలువు."

ఆమె వానలోనే బస్సెక్కి ఆల్డెన్ వెళ్లింది. థియో తలుపు తీసి, తడిసి ముద్దయిన ఆమెను చూసి నిలబడిపోయాడు.

"నాన్న భోజనానికి రమ్మన్నాడు," అంది లిడియా. "నన్ను పెళ్లి చేసుకోమని మాత్రం నేనే అడుగుతున్నాను."