బొల్లాపల్లిలో ఖాళీ అయిన బ్యాటరీ

రాత్రి ఫుల్ చార్జింగ్‌తో తాళం వేసిన వ్యాన్‌లో తెల్లారేసరికి మూడో వంతే మిగిలింది.

కార్తీక్ డ్యాష్‌బోర్డు మీటర్ మరోసారి చూశాడు. ఆపి ఉంచిన బండి ఇంత కరెంటు తాగదు. తాగిందంటే లోపల ఇంకేదో మేలుకుని ఉంది.

పక్కకు వెళ్లి, నిఘా విభాగంలోని తన చీఫ్‌కు కోడ్ భాషలో ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, గోడ చెమ్మగిల్లింది."

"తాకొద్దు," అన్నాడు చీఫ్. "మీట నొక్కే చెయ్యి కావాలి మనకు."

వారం కిందట నరసరావుపేటలో ఇదే గొంతు చెప్పింది. "విదేశీ ముఠా. రెట్రో మోడల్ ఎలక్ట్రిక్ వ్యాన్‌లో ట్రాన్స్‌మిటర్ దాచారు. దానికి తిండి వ్యాన్ బ్యాటరీయే. వరద వచ్చిన రోజున సాగర్ డ్యామ్ గేట్లన్నీ ఒక్కసారి లేపే దొంగ సిగ్నల్ పంపుతుంది. బయటికి నువ్వు యూట్యూబ్ రివ్యూయర్‌వి. ఫ్యామిలీతో వెళ్లు."

"ఫ్యామిలీ ఎందుకు సార్?"

"ఒంటిగాడు ఫ్యామిలీ వ్యాన్ రివ్యూ చేస్తే ఎవడు నమ్ముతాడు?"

భార్య జ్యోతిర్మయికి విహారయాత్ర అని చెప్పాడు. ఆమె సంబరంగా కూతురు చిన్నారికి కొత్త టోపీ కొంది. ఆ టోపీ కనిపించినప్పుడల్లా అతను చూపు తిప్పుకుంటున్నాడు.

నిన్న సాయంత్రం బొల్లాపల్లిలో మామగారు రామయ్యకున్న మిరప తోటలోనే గుడారం వేసుకున్నారు. కార్తీక్ కెమెరా ముందు దంచేశాడు. "రెండు రంగుల పెయింటు, గుండ్రటి హెడ్‌లైట్లు, తాతల కాలం నాటి అందం! సీట్లు మడిస్తే నలుగురికి పడక. బయటున్న ఈ సాకెట్‌కి మిక్సీ, కూలర్, ఏదైనా తగిలించుకోండి!"

రామయ్య తలూపుతూ విన్నాడు.

ఎగువ నుంచి వరద వచ్చి సాగర్ నిండిందని తెలిసి, ఇప్పుడు రామయ్యతో సహా అందరూ అటు బయల్దేరారు. ముందు కారులో దీపశ్రీ, వ్యాన్ కంపెనీ పీఆర్ మేనేజర్. నల్లకళ్లజోడు, చెరగని నవ్వు. ముఠా గుట్టు మనకు అమ్మింది ఆమే. మన గుట్టు వాళ్లకూ అమ్ముతోందని చీఫ్ అనుమానం.

మాచర్లలో చార్జింగ్ పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు.

"సన్‌సెట్ పోతుంది కార్తీక్ గారూ. పదండి!"

డ్యామ్ దిగువన వ్యాన్ ఎక్కడ ఆపాలో కూడా ఆమే చూపించింది. జ్యోతిర్మయి ఇండక్షన్ స్టవ్ తగిలించి బజ్జీలు వేస్తోంది. చిన్నారి టోపీ పెట్టుకుని ఘాట్ మెట్లు దిగుతోంది.

"ఏందండీ ఆ మొహం?" అంది జ్యోతిర్మయి. "సెలవల్లో కూడా ఆఫీసేనా?"

అంతలోనే దీపశ్రీ బొటనవేలు ఫోన్ మీద పడింది.

వ్యాన్ హెడ్‌లైట్లు ఎర్రగా వెలిగాయి. ట్రాన్స్‌మిటర్ వాటిలోనే ఉంది!

"చిన్నారీ! పైకి రా!"

కార్తీక్ మెట్ల వైపు దూకాడు. అందేలా లేదు. కింద నీళ్లలో కూతురి పాదాలు.

ఎర్ర వెలుగు వణికింది. మినుకుమంది. ఆరిపోయింది. డ్యామ్ గేట్లు కదల్లేదు. డ్యాష్‌బోర్డు మీద ఒకటే మాట: చార్జింగ్ చాలదు.

కార్తీక్ వెనక్కి ఉరికాడు, అతని వాచీ పట్టీ దీపశ్రీ మణికట్టుకు బేడీలా బిగిసింది. ఫొటోలు తీస్తున్న ఇద్దరు టూరిస్టులు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరూ చీఫ్ మనుషులే.

"రాత్రి నుంచీ ఆ ట్రాన్స్‌మిటరే బ్యాటరీ తాగుతోంది. తన తిండి తనే తినేసింది," అన్నాడు కార్తీక్.

"అది నేను నొక్కేదాకా నిద్రలేవదు," అంది దీపశ్రీ, పళ్లు కొరుకుతూ. "బ్యాటరీ ఎవరు ఖాళీ చేశారు?"

కార్తీక్ వ్యాన్ వైపు తిరిగాడు.

బేడీలు చూసి రామయ్య మొహం పాలిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ ముందుకొచ్చాడు.

"ఆ అమ్మాయిని వదిలెయ్ అల్లుడూ. కరెంటు తీసింది నేను. మిరప మొక్కలు వాడిపోతన్నయ్. రాత్రి లైను రాలా. మిక్సీ ఆడితే మోటారు ఆడదా అనుకుని, ఆ సాకెట్ నుంచి బోరు దాకా వైరు లాగినా. అడుగుదామని వచ్చా. నువ్వు చానా గట్టిగా గురక పెడతన్నావు, లేపబుద్ధి కాలా. దొంగతనమే, కాదనను. మా అమ్మాయికి మాత్రం చెప్పమాక. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఇట్టాంటి పని చేసినోడు ఇంక వాళ్ల మొహం ఎట్టా చూస్తాడు, నువ్వే చెప్పు?"