అల్లుడి గోళ్ళరంగు

పొద్దున్న ఆరున్నర అయిందంటే ఆ ఇంట్లో డాన్ ఎవెనోర్ గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ముందు వీధి వసారాలోంచి, ఫోన్ చెవికి ఆనించుకుని అరుస్తున్నప్పుడు. రెండు క్షణాలాగి వంటింటి రేడియోలోంచి, ఆటల కార్యక్రమంలో. చక్కెర మిల్లులో ముప్పయ్యేళ్ళు చెరకు బళ్ళు తూచి రిటైరైన మనిషి, ఊరంతా మర్యాదగా 'డాన్' అని పిలుస్తుంది. మా ఉడుముల మీద అభిప్రాయం చెప్తే తప్ప ఆయనకి కాఫీ దిగదు.

ఉడుములంటే మా ఊరి బేస్‌బాల్ జట్టు. పేరుకి తగ్గట్టు ఒకప్పుడు ఉడుంపట్టే. ఈ ఏడు మాత్రం వరసగా తొమ్మిది ఆటలు ఓడిపోయింది. నిన్న ఆదివారం పొరుగూరివాళ్ళు స్టాండ్లోకి పొయ్యీ గిన్నే మోసుకొచ్చి, మన కళ్ళెదురుగా ఉడుం పులుసు కాచుకుని జుర్రుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయామంటే నమ్మండి.

"రోగం ఎక్కడుందో నాకు తెలుసు లిసిమాకో!" రేడియోలో ఎవెనోర్ రెచ్చిపోతున్నాడు. "మన క్యాచర్ దగ్గరుంది. ఈ ఏడు ఇరవైరెండు బంతులు వాడి చేతిలోంచి జారి వెనక్కి పోయాయి. నా పుస్తకంలో ప్రతీదీ రాసిపెట్టాను. ఉడుముల్లో పట్టులేని ఉడుం వాడొక్కడే. సాయంత్రం జట్టు కమిటీ కూర్చుంటోందిగా, వాణ్ణి ఇంటికి పంపేయమనండి!"

"ఇల్లంటే మీ ఇల్లేగా డాన్ ఎవెనోర్!" అనౌన్సర్ లిసిమాకో పగలబడి నవ్వాడు. "ఆయన మీ అల్లుడేగా!"

"ఆట దగ్గర నాకు అల్లుళ్ళూ లేరు, కొడుకులూ లేరు."

వంటింట్లో ఆ అల్లుడు యాదెర్, క్రికెట్లో కీపర్‌లా బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్, తల వంచుకుని చిక్కుళ్ళ అన్నం తింటున్నాడు. ఎదురుగా ఎవెనోర్ కొడుకు నోర్విన్ కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, జట్టులో బంతి విసిరే పిచర్ అతనే. పళ్ళెంలో మెతుకు ముట్టలేదు. ఎవెనోర్ భార్య మెల్బా విసురుగా వెళ్ళి రేడియో కట్టేసింది.

"తిండి దగ్గర ఈ ఏడుపేంటి పొద్దున్నే!"

"పోనీండి అత్తయ్యా," అన్నాడు యాదెర్. "మామయ్య లెక్క తప్పేం కాదు. ఇరవైరెండే."

అతని భార్య సొయ్‌లా పొయ్యి దగ్గర నిలబడి పళ్ళు కొరుకుతోంది. జట్టులో చోటు పోయిందంటే ఇద్దరూ సరిహద్దు దాటి కోస్తారికా పోయే బస్సెక్కి అనాస తోటల్లో కూలికి పోవడమే. యాదెర్‌కి ఆ ఆట తప్ప వేరే పని రాదు. ఆ సంగతి తండ్రికి తెలుసు. తెలిసే అంటున్నాడని ఆమె కడుపు మండిపోతోంది.

ఎవెనోర్ లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. ముఖం వెలిగిపోతోంది. మామగారంటే ఎంత కోపమున్నా మర్యాద మర్యాదే కదా, యాదెర్ కాఫీ కప్పు అందించాడు. కుడిచేత్తో. ఆ చేతి గోళ్ళన్నిటికీ ముదురు నారింజరంగు పూసి ఉంది.

ఎవెనోర్ కప్పు అందుకోలేదు. ఆ చేతినే చూశాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! పట్టు లేదనుకున్నాను గానీ సోకులు కూడానా? ఆగు, ఈ ముక్క లిసిమాకోకి చెప్పాలి. ఊరంతా కడుపు చెక్కలయ్యేలా..."

"నేనే వేస్తున్నాను!" సొయ్‌లా గరిటె విసిరికొట్టింది. "నాలుగు నెలలుగా ప్రతి ఆటకి ముందూ నేనే వేస్తున్నాను. ఆట అవగానే తుడిచేస్తున్నాను. నిన్న తుడిచే మందు అయిపోయింది. ఎందుకు వేస్తున్నానో మీరే చెప్పండి నాన్నా. యాభయ్యేళ్ళుగా ఆట చూస్తున్నారుగా, పెద్ద పండితులు!"

ఎవెనోర్‌కి ఎందుకు తెలియదు? క్యాచర్ గొంతుక్కూర్చుని, తొడల మధ్య వేళ్ళతో పిచర్‌కి సైగ చేస్తాడు. ఒక వేలంటే తిన్నగా రావాలి, రెండంటే వంపు తిరగాలి. పిచర్‌కి ఆ వేళ్ళు ఆనకపోతే గోళ్ళకి రంగు పూసుకుంటాడు.

"మన స్టేడియంలో దీపాలు గుడ్డివి," గొణిగాడు. "అందుకనేగా?"

"నిన్నటి ఆట మిట్టమధ్యాహ్నం నాన్నా."

ఆయన లేచి తన పుస్తకం తెచ్చాడు. వేలితో ఒక్కో పేజీ చూసుకుంటూ వెళ్ళాడు. బంతి జారితే తప్పు క్యాచర్ గడిలో రాయాలి, అదీ పద్ధతి. యాభయ్యేళ్ళుగా అలాగే రాస్తున్నాడు. అప్పుడు బంతి విసిరిందెవరో ఈ ఏడు ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఇరవైరెండింట్లో పంతొమ్మిదికి పిచర్ నోర్విన్.

"నాకు ఆనట్లేదు నాన్నా," అన్నాడు నోర్విన్. "ఏడాదైంది. రంగు వేసినా ఒక్కోసారి రెండు వేళ్ళు ఒకటిగా కనిపిస్తాయి. తను వంపు బంతి అడుగుతాడు, నేను తిన్నగా విసురుతాను. ఇంకెలా పడతాడు? పైగా ఎవరితోనూ అననని నాకు మాటిచ్చాడు."

"కళ్ళజోడు పెట్టుకుని ఏడవచ్చుగా, దరిద్రుడా!"

"లియోన్ జట్టు పిచర్ కళ్ళజోడుతో వస్తే మీరేమన్నారో గుర్తుందా? ఇదే రేడియోలో? 'గుడ్డివాడికి బంతెందుకు, కర్రివ్వండి' అన్నారు. ఊరంతా నెలరోజులు నవ్వింది. నేనూ నవ్వాను."

ఎవెనోర్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఏడ్చింది చాలు," అంది మెల్బా. "ఎనిమిది దాకా ఆ కార్యక్రమం ఉంటుంది. ఫోనెత్తండి."

"ఏమని చెప్పనే? అల్లుణ్ణి నిలబెట్టాలంటే కొడుకుని వీధిలో పెట్టాలి. కమిటీ వీణ్ణి తీసేస్తుంది."

"వద్దు మామయ్యా," యాదెర్ అడ్డుపడ్డాడు. "నాకింకా ముప్పై రాలేదు, ఎక్కడో ఓచోట బతుకుతాను. బావకి ఈ చోటు పోతే మళ్ళీ రాదు."

ఆ మాట ఎవెనోర్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఇందాక తను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఇతనేనా! వెంటనే నంబరు నొక్కాడు.

"మళ్ళీనా డాన్ ఎవెనోర్!"

"ఇందాక చెప్పింది తప్పు. పచ్చి తప్పు. ఆ బంతులు మా అల్లుడివి కావు."

"మరెవరివి?"

"అవీ... అవి..." అన్నాడు ఎవెనోర్. మనవాడు రేడియోలో మాటకి తడుముకోవడం ఊరు ఎన్నడూ వినలేదు. నోర్విన్ లేచి వచ్చి ఫోన్ తీసుకున్నాడు.

"నావండీ. నేను నోర్విన్‌ని. నాకు చూపు తగ్గింది, చెప్పకుండా దాచాను. మా బావ నా కోసం తిట్లు తిన్నాడు. ఆదివారం కళ్ళజోడు పెట్టుకుని వస్తాను. తిడితే ఇకనుంచి నన్ను తిట్టండి."

"అయ్యో, ముందే పెట్టుకోవచ్చు కదయ్యా?"

నోర్విన్ తండ్రి వైపు చూశాడు. నలుగురిలో తండ్రి పరువు తీయడానికి నోరు రాలేదు. ఎవెనోర్ ఫోన్ లాక్కున్నాడు.

"నావల్ల! కళ్ళజోడున్నవాణ్ణి ఇక్కడే వెక్కిరించింది నేను. నా నోటికి భయపడి నా కొడుకు గుడ్డిగా బంతులేశాడు. వినండి కమిటీ పెద్దలూ! సాయంత్రం ఎవర్నైనా తీసెయ్యాలనుంటే, ఈ రేడియోలోంచి నన్ను తీసెయ్యండి. వాళ్ళిద్దరి జోలికి మాత్రం రావద్దు. వచ్చారో, మీ గుమ్మంలో కూర్చుంటాను, లేవను. చెప్తున్నా!"

ఫోన్ పెట్టేసి అల్లుడి చెయ్యి అందుకున్నాడు. ఆ నారింజరంగు గోళ్ళని కళ్ళకద్దుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యాదెర్‌కి ఏం చెయ్యాలో తెలియక, "మామయ్యా, కాఫీ చల్లారిపోయింది," అన్నాడు. సొయ్‌లాకి ఏడుపులోనే నవ్వొచ్చింది.

సాయంత్రం కమిటీ పది నిమిషాలు కూర్చుని లేచింది. ఇద్దర్నీ ఉంచారు.

ఆదివారం కూడా ఓడిపోయామండీ, దాచేదేముంది. ఒకటి సున్నా. వరసగా పదోది. కానీ ఒక్క బంతి, ఒక్కటంటే ఒక్కటి వెనక్కి పోలేదు. జనం లేచి వెళ్ళిపోతుంటే ఎవెనోర్ బెంచీ ఎక్కి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

"దిగండి," అంది మెల్బా ఆయన చొక్కా పట్టి లాగుతూ. "ఓడిపోయాం, ఇంకా చూసేదేముంది?"

"ఉండవే," అన్నాడు మైదానంలో ఉన్న కొడుకునీ అల్లుణ్ణీ చూస్తూ. "ఇద్దర్నీ కలిపి చూడటం నాకు ఇదే మొదలు."