సోఫా మీద నందిని చీర

సూళ్లూరుపేటలో మా తోడికోడలు నవీన ఇల్లు చూసి వచ్చినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఏం హాలు అది! గోడకు ఇత్తడి పళ్లేలు, మూలన నీళ్లలో తామరపూలు, సోఫా మీద పాత పట్టుచీరలతో కుట్టించిన దిండ్లు. "మా అమ్మ చీరలక్కా, ఊరికే పెట్లో పడుండేవి" అని తేలిగ్గా చెప్పింది కానీ, నాకు మాత్రం కళ్లు కుట్టాయి.

ఆ నవీనే ఆదివారం సాయంత్రం తిరుపతిలో మేం కొత్తగా కొన్న ఫ్లాట్ చూడటానికి వస్తానంది. ఇంక నా హడావిడి చూడాలి. కర్టెన్లు మార్చాను. లైట్లు మార్చాను. కుండీలు తెచ్చాను. సోఫా ఒక్కటే బోసిగా ఉండిపోయింది. నా పెళ్లి పట్టుచీరలు నాలుగు బీరువాలో ఉన్నాయి. వాటి మీద కత్తెర వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

అటక మీద వెదురుబుట్టలో ఇంకో చీర ఉంది.

మా వైపు కొన్ని ఇళ్లల్లో, పెళ్లికాకుండా చనిపోయిన ఆడపిల్లను దేవతగా ఇంట్లోనే నిలుపుకుంటారు. ఆమె చీరను పసుపుగుడ్డలో చుట్టి బుట్టలో పెడతారు. ఏడాదికొకసారి దించి, పూజచేసి, మళ్లీ పైన పెడతారు. ఆ చీర ఎవరూ కట్టకూడదు. కత్తెర అసలు తగలకూడదు. మా ఆయన చక్రధర్ చెల్లెలు నందిని పందొమ్మిదేళ్లకే జ్వరం వచ్చి పోయింది. పెళ్లికని కొన్న కుంకుమరంగు పట్టుచీర మడత కూడా విప్పలేదు. మా అత్త చంద్రకాంతమ్మ పోయేముందు ఆ బుట్ట నా చేతికిచ్చి, "ఈ చీరను పట్టుకునే నా బిడ్డ నందిని మనింట్లో ఉండాది. బద్రంగా సూసుకోమ్మా" అంది. సరే అత్తా అన్నాను.

టైలర్ మునిప్రసాద్ చీర విప్పి కాసేపు చూశాడు. "దీనికి పసుపు అంటుకునుండాదే అక్కా. ఎవురి చీర ఇది?"

"ఎవురిదో పాతది. కుట్టబ్బా" అన్నాను.

దిండ్లు ఎంత బాగా కుదిరాయో చెప్పలేను. సోఫాకు కొత్త కళ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి హేమశ్రీ వచ్చి, "ఒళ్లంతా నొప్పులుగా ఉండాది మా. పడుకుంటా" అంది. గుమ్మానికి పూలు కట్టడం ఇంకా మిగిలే ఉంది. "పిన్ని వచ్చిపోయినాక పడుకుందువులే" అన్నాను. అది పూలు కట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆరింటికి నవీన వచ్చింది. మా ఆయన రేణిగుంటలో డ్యూటీకి వెళ్లారు కాబట్టి మేమిద్దరమే. "అబ్బ, ఎంత బాగా సర్దినావక్కా!" అంది. ఆ మాట కోసమే కదా ఇదంతా. కాఫీ కలిపి తెచ్చేసరికి ఆమె ముక్కు ఎగబీలుస్తోంది.

"లోపల పెయింట్ ఏస్తాండారా అక్కా?"

నాకూ అప్పుడే తెలిసింది. పచ్చిసున్నం వాసన. దాంతోపాటు ఒక చప్పుడు... గోడ మీద కుంచె రాసినట్టు... సర్... సర్... మళ్లీ ఆగకుండా సర్...

నవీన ఒళ్లోని దిండు తీసి చూసింది. తడిగా ఉంది. దాని మీద తెల్లటి వేలిముద్రలు. ఆమె చూపు అంచు మీదికి వెళ్లింది. ఏటా పూజలో చూసే చీరే కదా, గుర్తుపట్టింది. దిండును సోఫా మీద పెట్టి లేచి నిలబడింది.

"ఇది... ఆ బుట్టలో చీర కదా?" గొంతు తగ్గించింది. "ఎంత పని సేసినావక్కా..."

చప్పుడు హేమశ్రీ గదిలోంచి వస్తోంది.

తలుపు తోశాను. చీకటి. లైటు వేశాను. హేమశ్రీ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. కుడిచెయ్యి పైకీ కిందికీ ఆడుతోంది. చేతిలో ఏమీ లేదు... చప్పుడు మాత్రం వస్తోంది. భుజం పట్టుకున్నాను. కాలిపోతోంది.

అది వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఇంక పడుకోమంటావా వదినా?"

ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. అది పూతలపట్టులోని మా అత్తవారింటికి నందిని పెళ్లివారు రావాల్సిన రోజుకు ముందురోజు, నేను కొత్త కోడలిని. ఇల్లు అద్దంలా ఉండాలని నా పంతం. నందిని వచ్చి, "ఒళ్లు కాలిపోతాండాది వదినా, పడుకుంటా" అంది. నేను కుంచె చేతికిచ్చి, "సున్నం కొట్టినాక పడుకుందువులే" అన్నాను. నాలుగు గోడలూ కొట్టింది. తర్వాత పడుకుంది. మళ్లీ లేవలేదు. జ్వరం ఉన్నట్టుండి వచ్చిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే చెప్పాను. ఆ పిల్లను చంపింది నేనే.

నవీన, నేను కలిసి హేమశ్రీని ఆసుపత్రికి తీసుకెళ్లాం. మామూలు జ్వరమేనని మందులిచ్చి మూడోరోజు పంపేశారు. దిండ్ల కుట్లు విప్పి ముక్కలన్నీ బుట్టలో పెట్టాను. కొత్త పట్టుచీర తెచ్చి, పూజచేసి, లెంపలు వేసుకున్నాను. మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన ఇంతవరకూ నాతో మాట్లాడలేదు.

పగలంతా హేమశ్రీ బాగానే ఉంటుంది, నన్ను అమ్మా అనే పిలుస్తుంది. పొద్దు వాలేసరికి మళ్లీ ఒళ్లు కాలుతుంది. నిన్న సాయంత్రం దాని పక్కన కూర్చుని గోళ్లు తీస్తుంటే, వాటి కింద తెల్లగా ఏదో కనిపించింది. నలిపి చూశాను. సున్నం. ఈ ఫ్లాట్‌లో ఏ గోడకూ సున్నం లేదు.

దాని చెయ్యి నా కళ్లకు అద్దుకుని ఏడ్చాను. "తప్పు నాది నందినీ. నా బిడ్డను వదిలెయ్ తల్లీ. పడుకో... ఇంక చాలు, పడుకో..."

కళ్లు తెరవకుండానే హేమశ్రీ చిన్నగా నవ్వింది.

"ఇంకొక్క గోడే ఉండాది వదినా."